సేంద్రియ వంగ సాగు: తరచుగా అడిగే ప్రశ్నలు

సేంద్రియ పద్ధతిలో వంగ పండిస్తున్నామని తెలిసిన దగ్గర నుంచి, తోట చూడడానికి వచ్చేవారు, ఫోను చేసేవారు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడితే నయమనిపించింది. పంట దశల ప్రకారం పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైనదే చదువుకోవచ్చు.

## దిగే ముందు

మందు కొట్టకుండా వంగ పండుతుందా? పురుగు మనకు మిగలనిస్తుందా?

పండుతుంది. కాకపోతే ఒక్క పుచ్చు కాయ కూడా రాని వంగ తోట ఉండదు. రసాయన మందులు విడవకుండా కొట్టే పొలంలో కూడా మార్కెట్‌కు వెళ్లే ముందు పుచ్చులు ఏరి పారేయడం మీరు చూసే ఉంటారు. పురుగు కొమ్మ లోపల, కాయ లోపల ఉంటుంది. పైన పడిన మందు దానికి తగలదు. సేంద్రియ సాగులో మందు చేయవలసిన పని చేతులు చేస్తాయి. వాడిన కొనలు తుంచాలి, పుచ్చు కాయలు ఏరాలి, పురుగును పట్టే బుట్టలు చూసుకోవాలి. వారానికి రెండు పూటలు సాళ్ల వెంట తిరగగలిగితే దిగండి. పొలం దూరం, తీరిక లేదు, అంతా కూలీలకే వదిలేయాలి అనుకుంటే మరో పంట చూసుకోమనే చెబుతాను.

వంగ లాభసాటి అంటున్నారు. ఎకరాకు ఎంత మిగులుతుంది?

ఎకరాకు ఇన్ని లక్షలు అని ఖాయంగా చెప్పేవారి మాట నమ్మి దిగవద్దు. వంకాయ ధర ఒకే నెలలో రెండింతలు పెరగగలదు, సగానికి పడిపోగలదు. సూటి రకాలు (సంకరం కానివి) బాగా పండితే ఎకరాకు 8 నుంచి 12 టన్నుల వరకు వస్తాయి. సేంద్రియంలో మొదటి ఏడాది అంత ఆశించవద్దు. 5 టన్నులు అమ్మదగిన కాయ వచ్చిందనుకోండి. కిలో 12 రూపాయలకు మార్కెట్ యార్డులో వదిలేస్తే 60,000. అదే కాయను కిలో 25 రూపాయలకు తెలిసిన ఇళ్లకు చేరిస్తే 1,25,000. కష్టం ఒకటే, పెట్టుబడి ఒకటే. అందుకే ఎవరైనా అడిగితే, నారు పోసే ముందే కొనేవారిని వెతుక్కోమంటాను.

వంగలో ఉన్న మంచి గుణం మరొకటి ఉంది. కోత మొదలైతే మూడు, నాలుగు నెలల పాటు వారం వారం చేతికి డబ్బు వస్తుంది. ఇంటి ఖర్చుకు అప్పు చేయవలసిన అవసరం తగ్గుతుంది. ఖర్చులో పెద్ద భాగం కూలి. ఇంటి మనుషులు ఎంత పని చేసుకుంటే అంత మిగులుతుంది. మీ సొంత కూలి కూడా పుస్తకంలో రాసుకోండి, అప్పుడే అసలు లాభం తెలుస్తుంది.

ఎంత భూమితో మొదలుపెట్టాలి?

10 నుంచి 20 సెంట్లు. ఇద్దరు మనుషులు ఒక ఉదయం పూట మొక్క మొక్కా చూసి రాగలిగినంత. ఆ పాటి తోటలో ఒక పంట కాలం గడిపితే మీ నేలలో ఏ తెగులు వస్తుందో, మీ ఊళ్లో ఏ కాయ అమ్ముడవుతుందో తెలిసిపోతుంది.

మాది నల్లరేగడి. వంగ వేయవచ్చా?

వేయవచ్చు, నీరు నిలవకపోతే చాలు. బోదెలు ఎత్తుగా చేసి నాటండి. ఎర్ర నేలలు, ఒండ్రు నేలలు, నీరు ఇంకే గరప నేలలు ఇంకా అనువైనవి. నేల రకం కంటే ముందు పంట ఏమిటన్నది ముఖ్యం. టమాటా, మిరప, బంగాళాదుంప వంగకు చుట్టాలే. వాటి తెగుళ్లే దీనికీ వస్తాయి. ఆ పంటలు తీసిన మడిలో వంగ వేయవద్దు. వరి కోసిన మడి మంచిది. నెలల తరబడి నీరు నిలిచిన నేలలో ఎండు తెగులు బెడద తగ్గుతుంది.

ఏ కాలంలో వేస్తే మంచిది?

జూన్-జులై, అక్టోబరు-నవంబరు, ఫిబ్రవరి-మార్చి. మూడు కాలాల్లోనూ వేస్తారు. చలికాలం పంటకు పురుగు ఉధృతి తక్కువ, కాయ నిగనిగలాడుతుంది. అయితే అప్పుడు అందరి కాయా ఒకేసారి వచ్చి ధర పడుతుంది. జులైలో నాటినది కార్తీక మాసానికి మంచి కాపు మీద ఉంటుంది. వనభోజనాలు, ఉపవాస విరమణలు, పెళ్లిళ్లు ఉన్న రోజులవి. వానల్లో తెగుళ్లు తట్టుకోగలిగితే లాభం ఇక్కడే. వేసవి పంటకు ధర బాగుంటుంది కానీ ఎర్రనల్లి, పూత రాలడం వేధిస్తాయి. కొత్తవారు అక్టోబరు నాటుతో మొదలుపెడితే ధైర్యం చిక్కుతుంది.

## విత్తనం, నారు

ఏ రకం వేయాలి?

మీ ఊరివాళ్లు తినే రకం. వంకాయ విషయంలో నాలుక పట్టుదల చాలా గట్టిది. ఒకచోట గుత్తి వంకాయకు పనికివచ్చే చిన్న గుండ్రటి నీలం కాయే కావాలంటారు, మరోచోట పొడవు కాయ, ఇంకోచోట తెల్ల చారల ఆకుపచ్చ కాయ. ముందు సంతకు వెళ్లి ఏ గంప మొదట ఖాళీ అవుతుందో చూడండి. మన ప్రాంతంలో గులాబి, శ్యామల, భాగ్యమతి చాలాకాలంగా సాగులో ఉన్న సూటి రకాలు. పొడవు కాయ కావాలంటే పూసా పర్పుల్ లాంగ్ ఉంది. ఎండు తెగులు ఉన్న నేలకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ ఆ తెగులును తట్టుకుంటాయి. ముళ్ల వంకాయ కోయడానికి వేళ్లు నొప్పి పెడతాయి కానీ రుచి తెలిసినవారు దాని కోసం ఒక రూపాయి ఎక్కువే ఇస్తారు. మీ ఊళ్లో పాత నాటు రకం ఎవరి పెరట్లోనైనా మిగిలి ఉంటే వదలవద్దు.

సంకర విత్తనం సేంద్రియంలో ఒప్పుకుంటారా? బీటీ వంగ సంగతి ఏమిటి?

సంకర విత్తనం వాడవచ్చు. రసాయన మందు పట్టించిన విత్తనం మాత్రం కుదరదు కాబట్టి కొనేటప్పుడే అడగండి. జన్యుమార్పిడి విత్తనం సేంద్రియ ప్రమాణాల ప్రకారం పూర్తిగా నిషిద్ధం. బీటీ వంగ అలాంటిదే, పురుగును తట్టుకునేలా ఒక బాక్టీరియా జన్యువు చేర్చినది. బీటీ వంగ మీద హైదరాబాదుతో సహా 7 నగరాల్లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగాక, 2010 ఫిబ్రవరి 9న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానిని నిలిపివేశారు. బంగ్లాదేశ్ 2013లో అనుమతించింది. మన దగ్గర ఎవరైనా పురుగు పట్టని బీటీ విత్తనమని అమ్మజూపితే తీసుకోవద్దు.

విత్తనశుద్ధి ఎలా చేయాలి?

50 డిగ్రీల వేడి నీటిలో 30 నిమిషాలు ఉంచి తీసి నీడలో ఆరబెట్టండి. విత్తనం ద్వారా వచ్చే కాయ కుళ్లు తెగులుకు ఇది మంచి విరుగుడు. వేడి తప్పితే మొలక దెబ్బతింటుంది, అందువల్ల ఉష్ణమాపి దగ్గర ఉంచుకోండి. ఆరాక బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన ద్రావణం) గానీ ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం) పొడి గానీ పట్టించి విత్తుకోవాలి.

నారుమడిలో మొలకలు మొదలు దగ్గర కుళ్లి పడిపోతున్నాయి. ఎందుకు?

నీరు ఎక్కువైంది, విత్తనం ఒత్తుగా పడింది. చాలాసార్లు కారణాలు ఈ రెండే. మడిని 15 సెంటీమీటర్ల ఎత్తు చేసి, వరుసల్లో పలచగా విత్తండి. మట్టిలో ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వేయండి. తడి సాయంత్రం కాకుండా ఉదయం ఇస్తే రాత్రికి పైమట్టి ఆరుతుంది. ఇప్పటికే పడిపోతుంటే ఆ చోట మట్టితో సహా తీసేసి నీరు ఆపండి. మడి మీద సన్నని నైలాన్ వల కప్పితే వెర్రి తెగులు (ఆకులు చిట్టిగా మారి కాపు పోయే జబ్బు) మోసుకొచ్చే, ఆకు రసం పీల్చే దీపపు పురుగులు కూడా నారు మీద వాలవు.

అంటు కట్టిన వంగ నారు కొనడం దండగ కాదా?

మీ పొలంలో ఎండు తెగులు, వేరు ముడి నులిపురుగు లేకపోతే దండగే. అవి ఉంటే మాత్రం ఉస్తి మొక్క వేరు మీద కట్టిన అంటు నారుకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. ఉస్తి వేరు ఆ రెండింటినీ తట్టుకుంటుంది, మొక్క ఎక్కువ కాలం కాపు మీద ఉంటుంది. నాటేటప్పుడు అతుకు మట్టిలో పూడకూడదు. అతుకు కింద నుంచి వచ్చే ఉస్తి చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి.

## నాటు, పోషణ

ఎంత ఎడంలో నాటాలి?

గుబురుగా పెరగని రకాలు 60 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకు ఒకటి. ఎకరాకు 11,000 మొక్కలు పడతాయి. గుబురు రకాలు, సంకర రకాలు 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకు ఒకటి. అప్పుడు 7,500 దాకా. సేంద్రియంలో నేను ఎడం వైపే మొగ్గుతాను. గాలి ఆడుతుంది, వంగి చూడడానికి మనిషికి చోటుంటుంది. 30 నుంచి 35 రోజుల నారు, సాయంత్రం పూట నాటండి.

యూరియా, డీఏపీ లేకుండా బలం ఎక్కడి నుంచి వస్తుంది?

నాటడానికి రెండు నెలల ముందు నుంచే రావాలి. జనుము గానీ జీలుగ గానీ నవధాన్యాలు గానీ చల్లి, పూత దశలో కలియదున్నండి. ఆఖరి దుక్కిలో బాగా మగ్గిన పశువుల ఎరువు ఎకరాకు 8 నుంచి 10 టన్నులు. అంత దొరకనివారు ఉన్న ఎరువును బెల్లం, పప్పుల పిండి, ఆవు మూత్రం కలిపి ఘన జీవామృతంగా చేసుకుంటే తక్కువతో సరిపెట్టుకోవచ్చు. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడలో తడి ఆరకుండా వారం, పది రోజులు ఉంచి మొక్క మొదళ్లలో వేస్తే నేల నుంచి వచ్చే తెగుళ్లు చాలా వరకు తగ్గుతాయి.

మొదటి ఏడాది ఆకు కాస్త పాలిపోయినట్టు కనిపిస్తే కంగారుపడి యూరియా చల్లకండి. నల్లగా, మెత్తగా పెరిగిన వంగే పురుగుకూ దీపపు పురుగుకూ ఎక్కువ ఇష్టం.

జీవామృతం కొలతలు చెప్పండి.

200 లీటర్ల నీరు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మట్టి గుప్పెడు. నీడలో 48 గంటలు, పూటకోసారి కర్రతో కలుపుతూ ఉంచాలి. ఇది ఎకరానికి ఒక తడవకు సరిపోతుంది. 15 రోజులకోసారి తడితో పాటు పారించండి. డ్రిప్పులో వదిలేవారు గుడ్డతో రెండుసార్లు వడకట్టకపోతే రంధ్రాలు పూడిపోతాయి.

పూత బాగా వస్తోంది, కాయ నిలవడం లేదు. ఏం చేయాలి?

ముందు పువ్వును దగ్గరగా చూడండి. పసుపు పచ్చని పుప్పొడి తిత్తుల మధ్య నుంచి ఆకుపచ్చ కీలాగ్రం బయటికి పొడుచుకు వస్తే ఆ పువ్వు కాయ అవుతుంది. కీలం పొట్టిగా లోపలే ఉండిపోతే అది రాలే పువ్వే. వంగకు ఇది సహజం, ప్రతి పువ్వూ నిలవదు. పొట్టి కీలం పూలే ఎక్కువగా కనిపిస్తుంటే మొక్క ఆకలితోనో, ఎండకో, నీటి ఎద్దడికో అల్లాడుతోందని అర్థం. తడుల మధ్య ఎడం తగ్గించి, మొదళ్లలో గడ్డి కప్పండి.

వంగ మధ్యలో, చుట్టూ ఏం వేయాలి?

చుట్టూ రెండు, మూడు వరుసలు జొన్న లేదా మొక్కజొన్న ఒత్తుగా వేయండి. ఎగిరి వచ్చే పురుగులకు అడ్డు. మధ్య మధ్య బంతి, కొత్తిమీర, బొబ్బర. బంతి వేళ్లు నులిపురుగులను తగ్గిస్తాయి. కొత్తిమీరను పూతకు వదిలేస్తే మిత్రపురుగులు వస్తాయి. బంతిపూలు దసరా, దీపావళికి అందితే విడిగా డబ్బు.

## పురుగులు, తెగుళ్లు

లేత కొనలు తలలు వేలాడేస్తున్నాయి. నీళ్లు పెట్టినా లేవడం లేదు.

నీటి కొరత కాదు, కొమ్మ తొలిచే పురుగు. వాడిన కొనను తుంచి నిలువుగా చీల్చి చూడండి. గొట్టంలాంటి తొలుపు, అందులో తడి పొట్టులాంటి విసర్జన, దాని చివర లేత గులాబీ రంగు పురుగు, గోధుమ రంగు తల. కాయలు వచ్చాక కాయల్లోకి వెళ్లేది కూడా ఇదే. తెల్లని రెక్కల మీద గోధుమ మచ్చలున్న చిన్న రెక్కల పురుగు ఆకుల అడుగున, మొగ్గల మీద ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పుట్టిన కొద్ది గంటల్లోనే లోపలికి దూరిపోతుంది. రెండు వారాలు తిని బయటికి వచ్చి రాలిన ఆకుల్లో, మట్టి పైపొరల్లో గూడు కట్టుకుంటుంది.

వాడిన కొనను తొలుపు కింద 2, 3 సెంటీమీటర్ల వరకు కత్తిరించి సంచిలో వేసుకోండి. నేల మీద పడేయవద్దు, అందులోని పురుగు నడిచి మళ్లీ మొక్క ఎక్కుతుంది. నాటిన మూడో వారం నుంచి వారానికి రెండుసార్లు ఈ పని జరగాలి. మొదటి నెలలో తుంచిన ఒక్కో కొన తర్వాత పుచ్చిపోయే కాయలను కాపాడుతుంది. కొన తుంచితే కాపు పోతుందని భయపడతారు. పక్క చిగుళ్లు వచ్చి మొక్క ఇంకా గుబురవుతుంది.

లింగాకర్షక బుట్టలు ఎన్ని పెట్టాలి?

పురుగు ఉనికి తెలుసుకోవడానికైతే ఎకరాకు నాలుగైదు చాలు. మగ పురుగులను పెద్ద ఎత్తున పట్టి సంతతి తగ్గించాలంటే 40 దాకా కావాలి. మొక్క కొనకు కాస్త పైన ఉండేలా కట్టి, మొక్క పెరిగే కొద్దీ పైకి జరపండి. బుట్టలో ఉంచే, ఆడ పురుగు వాసన వచ్చే ఎరను నెలకోసారి మార్చాలి. కాలం చెల్లిన ఎరతో బుట్ట ఖాళీగా వేలాడుతుంటే పురుగు లేదని మోసపోతాం. పక్క రైతులు కూడా పెడితే ఫలితం బాగా కనిపిస్తుంది.

వేప కషాయం ఎన్నిసార్లు కొట్టినా పుచ్చు తగ్గడం లేదు.

కాయలోకి వెళ్లిన పురుగును ఏ కషాయమూ చంపదు. వేప పని గుడ్లు పెట్టనివ్వకపోవడం, అప్పుడే పుట్టిన పిల్లపురుగును తిననివ్వకపోవడం. పూతకు ముందే మొదలుపెట్టి 7 నుంచి 10 రోజులకోసారి కొట్టాలి. 5 కిలోల వేప గింజల పొడిని రాత్రంతా 10 లీటర్ల నీటిలో నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు నీరు చేర్చి 100 లీటర్లు చేసుకోండి. ఎండ వేప గుణాన్ని త్వరగా పోగొడుతుంది కాబట్టి సాయంత్రం కొట్టండి, ఆకు అడుగు తడవాలి. ఆకుల కంటే గింజలకు శక్తి ఎక్కువ. వేసవి చివర వేప పండ్లు రాలినప్పుడే ఏరి, కడిగి, నీడలో ఎండబెట్టి దాచుకుంటే ఏడాది ఖర్చు తప్పుతుంది.

ఆకుల మీద అక్షింతల పురుగులు ఉన్నాయి. మంచివే కదా?

అన్నీ కావు. నున్నగా మెరుస్తూ పేనుబంక ఉన్నచోట చురుగ్గా తిరిగేవి మిత్రపురుగులు. మెరుపు లేకుండా రాగి రంగులో, సన్నని నూగుతో, వీపు మీద చాలా చుక్కలతో ఆకు మీదే కూర్చుని పత్రహరితాన్ని గోకి తినేది ఎపిలాక్నా పెంకుపురుగు. అది తిన్న ఆకు జల్లెడలా మిగులుతుంది. దాని పిల్లలు పసుపు రంగులో, ఒళ్లంతా ముళ్లతో ఉంటాయి. ఉదయం చల్లటి వేళ మొక్కను దులిపి సబ్బు నీటి పళ్లెంలో రాల్చండి. ఆకు అడుగున గుంపుగా నిలబెట్టినట్టున్న పసుపు గుడ్లను ఆకుతో సహా తుంచేయండి.

ఆకులు చిట్టి చిట్టిగా గుత్తులుగా వస్తున్నాయి, పూత లేదు.

వెర్రి తెగులు. దీపపు పురుగులు దీన్ని మొక్క నుంచి మొక్కకు చేరుస్తాయి. పట్టిన మొక్క మళ్లీ కాయదు, మందు లేదు. జాలిపడి ఉంచితే పక్క మొక్కలకూ అంటుకుంటుంది. వెంటనే పీకి కాల్చేయండి.

నిన్నటి దాకా పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా నిలువునా వాడిపోయింది.

మొదలు దగ్గర కాండాన్ని అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీటిలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాల దారంలా తెల్లగా దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆ మొక్కను వేరుతో తీసేయండి. అక్కడి నీరు మిగతా సాళ్లలోకి పారకుండా కట్ట వేయండి. వచ్చే రెండు, మూడేళ్లు ఆ మడిలో వంగ, టమాటా, మిరప వేయవద్దు. వేళ్ల మీద గుండ్రటి బుడిపెలు కనిపిస్తే నులిపురుగు. దానికి వేప పిండి, బంతి పంట.

పీకేసిన పాత వంగ కంపను ఏం చేయాలి?

గట్టు మీద వామి వేయవద్దు. ఆ కంపలో నుంచి వారాల పాటు రెక్కల పురుగులు బయటికి వచ్చి కొత్త తోట మీద వాలుతాయి. వంటచెరకుకని దాచుకున్న మోపు పక్కనే కొత్త నారు పోసి నేనొకసారి నష్టపోయాను. తీసిన వెంటనే ముక్కలు చేసి కంపోస్టు గుంటలో వేసి మట్టి కప్పండి. పుచ్చు కాయలకూ ఇదే పద్ధతి.

పక్క పొలంవాళ్లు మందు కొడుతున్నారు. మా పంట సేంద్రియమేనా?

గట్టు వెంట కొంత ఎడం వదిలి, జొన్నో అవిసో అడ్డుగోడలా పెంచండి. ఆ అంచు వరుసల కాయను విడిగా కోసి మామూలు కాయగానే అమ్మండి. పక్క పొలం నీరు మీ మడిలోకి దిగకూడదు. మందు కొట్టే రోజు ముందే చెప్పమని అడగండి. చాలామంది చెబుతారు.

## కోత, అమ్మకం

కాయ ఎప్పుడు కోయాలి?

బొటనవేలితో నొక్కితే లొత్త పడి వెంటనే పైకి లేస్తే కోతకు వచ్చినట్టు. తళుకు తగ్గితే ముదిరింది, గింజ గట్టిపడింది. నాటిన రెండు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత నాలుగైదు రోజులకోసారి. తెల్లవారుజామున, ముచ్చికతో సహా కత్తెరతో కోయండి. ముచ్చిక పచ్చగా ఉంటేనే కొనేవారికి తాజా అని నమ్మకం. తడి గోనె మీద నీడలో ఉంచితే సాయంత్రానికీ మెరుపు పోదు.

సేంద్రియ ధ్రువపత్రం తప్పనిసరా?

చిన్న రైతు నేరుగా తినేవారికి అమ్ముకుంటే తప్పనిసరి కాదు. దుకాణాలకు సేంద్రియమని ముద్ర వేసి ఇవ్వాలంటే కావాలి. రెండు దారులున్నాయి. పీజీఎస్-ఇండియా పద్ధతిలో కనీసం 5 మంది రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు, ఖర్చు స్వల్పం. దేశంలో అమ్మకానికి ఇది చాలు. ఎగుమతికి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా పర్యవేక్షణలోని జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద పత్రం కావాలి. కూరగాయల వంటి ఏక వార్షిక పంటలకు విత్తే ముందు 2 ఏళ్ల పరివర్తన కాలం (రసాయనాలు ఆపి సేంద్రియంలోకి మారే కాలం) ఉంటుంది. ఏ దారి పట్టినా ఏ రోజు ఏం వేశారో పుస్తకంలో రాయడం మొదటి రోజు నుంచే మొదలుపెట్టండి.

ఎక్కువ ధర ఇచ్చేవారు ఎక్కడ దొరుకుతారు?

ఒక్క వంకాయతో అయితే దొరకరు. ఇంటికి కూరలు తెప్పించుకునేవారికి వారానికి ఐదారు రకాలు కావాలి. బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరలు పండించే మరో ముగ్గురు రైతులతో కలిసి సంచి కట్టి, దగ్గరి పట్టణంలో 30, 40 ఇళ్లకు ఇవ్వండి. రైతు బజారులో చోటు దొరికితే వదలవద్దు. కొనేవారిని ఒకసారి తోటకు పిలవండి. తుంచిన కొనల సంచి, పుచ్చుల కుప్ప కళ్లారా చూసినవారు ఆ తర్వాత ధర దగ్గర బేరమాడడం తగ్గిస్తారు. సంచిలో ఒక పుచ్చు కాయ వెళితే మరుసటి వారం రెండు ఇవ్వండి, మాట పోకూడదు.

కాపు తగ్గిపోయింది. తోట తీసేయాలా?

మొక్క ఆరోగ్యంగా ఉంటే నేలకు ఒక అడుగు ఎత్తులో కొట్టేసి, మొదట్లో ఎరువు వేసి తడి ఇవ్వండి. కొత్త చిగుళ్లు వచ్చి రెండో కాపు ఇస్తుంది. కాయ కొంచెం చిన్నదవుతుంది. వెర్రి తెగులు, నులిపురుగు ఉన్న తోటను మాత్రం మొత్తం తీసేయండి.

సొంత విత్తనం ఎలా తీసుకోవాలి?

సూటి రకాలకే కుదురుతుంది. వంగలో పరపరాగ సంపర్కం కొంత జరుగుతుంది, కాబట్టి వేరే రకం 200 మీటర్ల దూరంలో ఉండాలి. పుచ్చు తక్కువ పట్టిన, బాగా కాసిన మొక్కలను ముందే గుర్తించి గుడ్డపీలిక కట్టండి. రెండో, మూడో కాపు కాయలను పసుపు రంగు తిరిగే దాకా చెట్టు మీదే వదిలేసి, కోసి, వారం మగ్గనిచ్చి, నీటిలో పిసకండి. మునిగిన గింజలే తీసుకుని నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. డబ్బా మీద రకం పేరు, కోసిన నెల రాయడం మరవద్దు.